డాక్టరమ్మకు చెప్పినావా అన్నా?

మా వదిన పోయిందన్న సంగతి నాకు గోడ మీదుగా తెలిసింది. మా రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఛాతీ ఎత్తు గోడ. పెరుగు తోడు, కూరగిన్నెలు, తగవులు అన్నీ దాని మీదుగానే అటూ ఇటూ నడుస్తాయి. పోయిన వారం పొద్దున్నే నేను పండ్లు తోముకుంటుంటే అవతల ఆమె కోడలు వచ్చి నిలబడి, "చిన్నమామా, అత్త లేయల్యా" అంది. నోరు కూడా కడుక్కోకుండా వెళ్ళాను. అప్పటికే చెయ్యి చల్లబడి ఉంది. నిద్రలోనే పోయింది. చూడవచ్చిన వాళ్ళందరూ ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు. నాకు అలా కనిపించలేదు. ఎవరినో ఏదో అడిగి, జవాబు కోసం ఆగినట్టు ఉంది.

మధ్యాహ్నానికల్లా కోడుమూరు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. ఇప్పుడు మా ఊళ్ళో పాడె కంటే ముందు ఫ్లెక్సీ కడుతున్నారు. ఫోటో ఫోనులో పంపితే చాలు, కర్నూలులో ప్రింటయి బస్సు మీద చుట్టలా వచ్చి దిగుతుంది. దాన్ని కట్టించింది మా వదిన వాళ్ళ అన్న. బట్టల వ్యాపారం, నాలుగు పంచాయితీలు, కాస్త రాజకీయం ఉన్న మనిషి. ఊరంతా ఆయనను పెద్దాయన అంటుంది, నేనూ అలాగే అంటాను. నోటికి అలవాటైంది గనక తప్ప మరే కారణమూ లేదు. ఫ్లెక్సీలో చేతులు జోడించిన పెద్దాయన నిలువెత్తున ఉన్నాడు. మూలన చిన్న గుండ్రంలో మా వదిన. ఎవరిదో పెళ్ళి గుంపులో నుంచి కత్తిరించిన ఫోటో అది. ఆమె పక్కన ఎవరిదో పట్టుచీర భుజం కూడా మిగిలిపోయింది. కింద పెద్ద అక్షరాలు: క్షమాగుణానికి మారుపేరైన చెల్లెలికి కన్నీటి నివాళి.

కళ్ళజోడు లేకుండా ఒకసారి చదివాను. పెట్టుకుని ఇంకోసారి చదివాను. అక్షరాలు మారలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. పోయిన మనిషి మీద అబద్ధం వేలాడదీస్తే ఆమె లేచి వచ్చి పీకేయలేదు. మరిది అన్నవాడు ఒకడు ఉన్నప్పుడు వాడు పీకాలి. మా వదిన ఎవరినీ క్షమించలేదు. ఆ పెద్దాయనను అసలే క్షమించలేదు. ఆమె పగను నేను దగ్గర నుంచి చూశాను, ఆనందించాను, చేతనైనంత చేయి కూడా వేశాను. ఆమె ఆయుష్షంతా కష్టపడి నేసినదాన్ని ఒక ప్లాస్టిక్ గుడ్డ వచ్చి కప్పేస్తుంటే నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు.

ముందు మనిషి ఎలాంటిదో చెప్పాలి. గుంట మగ్గం మీద నూలు చీరలు నేసేది. మా అన్న పోయాక ఆయన మగ్గం కూడా తనే ఎక్కింది. తక్కువ మాట్లాడేది. మాట్లాడితే సగం ప్రశ్నలే. గోరువెచ్చని టీ ఇస్తే తాగకుండా గ్లాసును మెల్లగా అవతలికి జరిపేది, ఇచ్చినవాళ్ళకు అదే చాలు. కోపం వస్తే కేకలేయడం ఆమెకు చేతకాదు. ఒకసారి మా సెంటర్లో కొబ్బరికాయలమ్మే అతను కుళ్ళిన కాయ అంటగట్టాడు. మార్చి ఇవ్వమంటే దేవుడికి కొట్టేదే కదమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి ఆ దారిన ఎప్పుడు పోయినా, అంగట్లో కొనేవాళ్ళు ఉన్నారో లేదో చూసుకుని, ఉంటేనే ఆగి, "ఏమప్పా, ఈ పొద్దన్నా కాయలు మంచివి వచ్చినాయా?" అని ఎంతో మర్యాదగా అడిగేది. పాపం, అతను చివరికి అరటిపండ్ల వ్యాపారంలోకి దిగాడు. మా వదిన పద్ధతి ఇది. ఒకే ప్రశ్న, మెత్తటి గొంతు, అడగాల్సిన చోట అడగడం, విసుగు లేకపోవడం.

ఇక ఆమె కూతురి సంగతి. రాయడానికి నా చేయి ఆడదు గానీ, అది రాయకపోతే మిగతాదంతా ఒక ముసలామె చాదస్తంలా కనిపిస్తుంది.

పిల్ల చామనఛాయగా, సన్నగా ఉండేది. నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకునేది. పెళ్ళీడు వచ్చేసరికి నెలనెలా విపరీతంగా రక్తం పోయి, గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చింది. కర్నూలులో చూపిస్తే గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. మా అన్న అప్పటికి లేడు, కొడుకు ఇంకా బడిలో ఉన్నాడు. కారూ పలుకుబడీ ఉన్నవాడు పెద్దాయన ఒక్కడే కాబట్టి అంతా ఆయన చేతిలోకి పోయింది. అక్కడి పెద్ద డాక్టరమ్మ సంచిని తీసేయకుండా, కోసి, గడ్డలు మాత్రం తీసి మళ్ళీ కుట్టింది. ఇంటికి పంపేటప్పుడు తల్లినీ మేనమామనూ కూర్చోబెట్టి చెప్పిందట. పెళ్ళి చేయవచ్చు, పిల్లలు పుడతారు. కానీ గర్భసంచిని లోపలి దాకా కోసి కుట్టాం. నెలలు నిండుతుంటే నొప్పులు వచ్చే దాకా ఆగకూడదు, ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలి. కడుపుతో ఉన్నప్పుడు ఎవరు చూసినా ఈ సంగతి మొట్టమొదట చెప్పండి.

మా వదిన ఈ ముక్క నాకు తర్వాత తన భాషలో చెప్పింది. "చినిగిన పాత చీరకు రఫ్ చేసి కుడతాం గదప్పా. కట్టుకోవచ్చు, నలుగురిలోకి పోవచ్చు. ఆడికాడ పట్టుకుని గుంజి పిండితే ఏమైతాది?"

డాక్టరమ్మ గదిలోంచి కారు దగ్గరికి వచ్చే లోపల పెద్దాయన ఆ సంగతికి ఇంకో పేరు పెట్టేశాడు. "ఇరవైనాలుగు గంటల నొప్పి అని చెప్దాం" అన్నాడు.

ఇక్కడ ఒక్క మాట. మా తరం వాళ్ళు అపెండిక్స్‌ను ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. ఒక రోజు లోపల కోయకపోతే మనిషి దక్కడని ఆ పేరు. నేను బడిలో చదివింది తక్కువ. అందువల్ల నాకొక సుఖం ఉంది, తెలియదని చెప్పడానికి సిగ్గుపడను. అందుకే ఈ పేరు ఎవరు పెట్టారని కనిపించిన డాక్టర్లందరినీ అడిగాను, ఒక్కరూ చెప్పలేదు. కానీ ఆ నొప్పికి ఎంత గౌరవముందో గమనించాను. ఆడపిల్లకు ఏ ఆపరేషన్ జరిగినా సంబంధాలు వెనక్కి పోతాయి గానీ ఈ ఒక్కదానికి పోవు. మగవాళ్ళకూ వస్తుంది, కలెక్టర్లకూ వస్తుంది, పరువున్న నొప్పి. మా పక్క ఎన్ని ఆడకడుపుల మీది కోతలు ఆ పేరు కింద దాక్కుని కాపురాలు చేస్తున్నాయో లెక్క తీయడం ఎవరి తరమూ కాదు. అయితే ఆ కోత కుడి పక్కన ఉండాలి కదా, పిల్లకు ఉన్నది నడిమధ్యన. పెద్దాయన తెలివైనవాడు, దానికీ సమాధానం తయారు చేశాడు. లోపలే పగిలిపోయింది, అందుకని మధ్యలో కోయాల్సి వచ్చిందని చెప్పమన్నాడు. నాతోనూ అదే చెప్పారు. అయ్యో పాపం, గండం గడిచిందిలే అనుకున్నాను.

సంబంధం కడప పక్క, జమ్మలమడుగు దగ్గర. పిల్లవాడు మంచివాడే. ఏడాది తిరగకుండా పిల్లకు నెల తప్పింది. మొదటి కాన్పు పుట్టింట్లో కదా, ఏడో నెలలో తీసుకొచ్చారు. వెంట వియ్యపురాలు కూడా వచ్చి కూర్చుంది. మనుమడి మీద ఆశ, కోడలంటే ప్రేమ. చెడ్డ మనిషి కాదు. కానీ మా ఊరి నర్సింగ్ హోమ్‌కు పరీక్షలకు పోయిన ప్రతిసారీ పిల్ల పక్కనే కుర్చీ వేసుకుని ఉండేది. ఆమె ఎదుట నోరు విప్పే దారి లేదు.

మా వదిన అన్న దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మకు చెప్పాలన్నా, పెద్ద డాక్టరమ్మ అంత గట్టిగా చెప్పింది అంది. ఆ నర్సింగ్ హోమ్ పెద్దాయన తెలిసినవాళ్ళదే. మీరు ఆడవాళ్ళు నోరు జారొద్దు, నేను ఒంటరిగా కలిసి చెబుతానన్నాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ అడిగింది. "చెప్పినాలేమ్మా. అంతా చెప్పినా. ఆయమ్మ చూసుకుంటాది, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని మా వదిన నిశ్చింతగా ఉంది.

నొప్పులు మధ్యాహ్నం మొదలయ్యాయి. ఇంకా రోజులున్నాయి కదా, ముందే ఆపరేషన్ చేస్తారనుకున్నాం కదా అని మా వదిన లోలోపల తన్నుకులాడింది. డాక్టరమ్మకు తెలుసు కదా అని సర్దుకుంది. నొప్పులు నిదానంగా ఉన్నాయని సెలైన్‌లో మందు కలిపి ఎక్కించారు. ఎక్కువయ్యాయి. తర్వాత ఒక్కసారి పిల్ల కేక పెట్టింది. ఆ వెంటనే నొప్పులు ఆగిపోయాయి.

అందరూ సంతోషపడ్డారు. నేను కూడా వరండాలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. పాపం కాస్త తెరిపినిచ్చిందని వియ్యపురాలు కోడలి ముఖం తుడిచింది. నర్సు కొంచెం కునుకు తీయమంది. పిల్ల మాత్రం, "అమ్మా, భుజం నొస్తాంది" అంది. కాన్పు నొప్పికి భుజమెందుకు నొస్తుందని మా వదిన అక్కడే నిమురుతూ కూర్చుంది. నిమురుతుండగానే పిల్ల పెదవులు సున్నం రంగుకు వచ్చాయి.

అంబులెన్సులో కర్నూలు. పాత కుట్టు దగ్గర గర్భసంచి నిలువునా చీలిపోయిందనీ, లోపలంతా రక్తమనీ, కడుపు నొప్పికి భుజంలో పోటు రావడం ఆ రక్తం వల్లేననీ తర్వాత తెలిసింది. బిడ్డ అప్పటికే లేదు. పిల్లను బతికించాలని చాలాసేపు చూశారు. కోసిన డాక్టరు బయటికి వచ్చి చేతి తొడుగులు తీస్తూ అడిగాడు. "ఈమె గర్భసంచికి ఇంతకుముందు ఆపరేషన్ అయింది. అక్కడ ఎవరూ చెప్పలేదా?"

వియ్యపురాలు మా వదినను చూసింది. మా వదిన అన్నను చూసింది. పెద్దాయన జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. అది మోగలేదు.

"నేను చెప్పినా. వాళ్ళు మర్చిపోయింటారు" అన్నాడు.

దినాలు కాకముందే మా వదిన ఆ నర్సింగ్ హోమ్‌కు ఒక్కతే నడిచి వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ ఏడ్చింది. పెద్దాయన తన గడపే తొక్కలేదని, కనీసం ఫోను కూడా చేయలేదని కన్నబిడ్డల మీద ఒట్టు వేసింది. మధ్యలో అంత కోత చూసి గట్టిగా అడగకపోవడం ఆమె తప్పే, ఆమెకూ నా దగ్గర క్షమాపణ లేదు. కానీ ఆమె చెప్పింది నిజం. ఎందుకంటే ఆ సాయంత్రం పెద్దాయన భార్యే మా వదిన చేయి పట్టుకుని, ఆ మనిషి పోలేదమ్మా, వియ్యాలవారికి తెలిసిపోతుందని భయపడి పోలేదు అని చెప్పి వెళ్ళింది.

చెప్పకపోవడం ఒకటి. చెప్పకుండా చెప్పినానని తల్లిని నిద్రపుచ్చడం ఇంకొకటి. మా వదిన ఈ రెండింటినీ ఎప్పుడూ కలపలేదు. "మొదటిది భయమప్పా. భయపడినోన్ని నేనేమీ అనను. రెండోది మాత్రం నేను వదలను" అంది.

తెగతెంపులు చేసుకుంటుందని అందరం అనుకున్నాం. చేసుకోలేదు. అక్కడే ఆమె నేర్పు. తెగతెంపులు చేసుకుంటే పెద్దాయన సుఖంగా బతికేవాడు. మా వాళ్ళలో, మొగుడు పోయినా సరే, ఇంటి ఆడపడుచు లేకుండా ఏ శుభకార్యమూ నడవదు, పిలవక తప్పదు. పిలిచిన ప్రతిదానికీ ఆమె తలస్నానం చేసి, నేత చీర కట్టుకుని, అందరికంటే ముందు పోయి, ముందు వరుసలో కూర్చునేది.

మొదటిసారి పెద్దకర్మ రోజున అడిగింది. పెద్దాయన వంటవాళ్ళతో, పురమాయింపులన్నీ అయిపోయాయి, అందరికీ చెప్పినా అంటున్నాడు. మా వదిన పక్కనుంచి పోతూ ఆగి, "డాక్టరమ్మకు చెప్పినావా అన్నా?" అంది. గొంతులో ఏమీ లేదు. ఉప్పు వేశారా అని అడిగినట్టు అడిగింది.

తర్వాత ఆయన కొత్త అంగడి ప్రారంభం. తర్వాత ఒక గోడ తగాదా పంచాయితీ. నేను ఎమ్మార్వోకు చెప్పినాను, పని అయిపోతుంది అన్నాడో లేదో, ఆడవాళ్ళ వైపు నుంచి, "డాక్టరమ్మకు చెప్పినట్టేనా అన్నా?" తగాదా పడుతున్న రెండు పక్షాల వాళ్ళూ కలిసి నవ్వారు. ఆ గోడ సంగతి కూడా ఆ నవ్వులోనే తీరిపోయిందంటారు, అది నేను నమ్మను.

చూడండి, పెద్దాయన ఆస్తి అంగడి కాదు. చెప్పినా అనే మాటే ఆయన ఆస్తి. పోలీసులకు చెప్పినా, బ్యాంకులో చెప్పినా, పైన చెప్పినా. జనం ఆ మాట కొనుక్కునేవాళ్ళు. మా వదిన దాన్ని ఒక్కో పోగూ పీకింది. నేను టీ అంగట్లోకి మోసుకుపోయాను, ఒప్పుకోవడానికి నాకేం బాధ లేదు. నాలాంటివాడికి పదిమందిలో కథ చెప్పమంటే పండగ. కొన్నాళ్ళకు మా ఊళ్ళో ఎవరైనా నమ్మకం లేని హామీ ఇస్తే, పెద్దాయన చెప్పినట్టేనా అనడం మామూలైపోయింది. కథ తెలియని కొత్తవాళ్ళు కూడా అనేవాళ్ళు. ఆయన ఎన్నికల్లో నిలబడ్డప్పుడు మైకు పట్టుకుని, నీళ్ళ సంగతి నేను పైన చెప్పినాను అన్నాడు. వెనక నుంచి ఎవడో మగగొంతుతో అడిగాడు, డాక్టరమ్మకు చెప్పినావా అని. మా వదిన ఆ మీటింగుకు పోనే లేదు. ఇంట్లో మగ్గం మీద ఉంది. నేను వచ్చి చెబితే, చేతిలో నాడె విసరడం ఆపకుండా, "ఎవరంట?" అంది. తెలియదన్నాను. నవ్వింది. కూతురు పోయాక ఆమె నవ్వడం నేను చూసిన మొదటిసారి అది.

ఓడిపోయాక పెద్దాయన ఒకసారి ఇంటికి వచ్చాడు. నేను గోడ దగ్గరికి జరిగాను, వినకుండా ఉండడం నా వల్ల అయ్యే పని కాదు. మజ్జిగ ఇచ్చింది. తాగాడు. నీకేం కావాలమ్మా, ఎంత కాలం ఇట్లా నా పరువు తీస్తావన్నాడు.

"ఒక్క మాట కావల్ల. చెప్పల్యా అను. నలుగురిలో అను. ఆ పొద్దే మానుకుంటా."

"చెప్పినా గదమ్మా. వాళ్ళే…"

"ఇంకొంచెం మజ్జిగ పోద్దునా?" అంది మా వదిన.

ఒకసారి నేనే నోరు జారాను. నువ్వూ నోరు మూసుకున్నావు కదా వదినా, ఇరవైనాలుగు గంటల నొప్పని నువ్వూ చెప్పినావు కదా అన్నాను. అడ్డపోగుకు వాడే పేకనూలు ఒక కండె చుట్టడం ముగించింది. "నాకు నేనేసుకున్న శిక్ష నాకుండాది. అది నీకు చెప్పేది కాదు. వానిది మాత్రం ఊరికి తెలియాల" అంది. ఆ శిక్ష ఏమిటో నేను కనుక్కోలేకపోయాను. ఆమె పోయాక ఆ ఇంట్లో వస్తువులు సర్దుతుంటే వెతికాను కూడా. ఏమీ కనబడలేదు.

కాలం అట్లా పోతుండగా పెద్దాయన చిన్నకూతురికి కర్నూలులో ఆపరేషన్ అయిందని తెలిసింది. ఏమిటంటే ఇరవైనాలుగు గంటల నొప్పి అన్నారు. మా వదిన మగ్గం దిగి, జొన్నరొట్టెలు చేసి మూట కట్టుకుని చూడబోయింది. పెద్దవాళ్ళు బయటికి పోయినప్పుడు ఆ పిల్లే మెల్లగా, "అత్తా, నీ కూతురికి అయిందే నాకూ అయింది" అని ఏడ్చింది. ఈ గడ్డలు ఒక్కో వంశంలో ఆడపిల్లలకు ఎక్కువ వస్తాయట, ఇదీ అడిగి తెలుసుకున్నదే. మా వదిన రొట్టె తుంచి ఆ పిల్ల నోట్లో పెట్టి వచ్చింది. ఈ ముక్క గోడ మీదుగా నాకు చెప్పి మళ్ళీ మగ్గం ఎక్కింది.

ఆ పిల్లకు కూడా కడప వైపు నుంచే సంబంధం వచ్చింది. కర్నూలులో కల్యాణ మండపం తీసుకుని నిశ్చితార్థం పెట్టారు. మా వాళ్ళ ఆచారంలో తాంబూలం పళ్ళెం ఇంటి ఆడపడుచు తెచ్చి అన్నదమ్ముల చేతిలో పెట్టాలి. అప్పుడే వాళ్ళు దాన్ని వియ్యంకుడికి అందిస్తారు. ఆమె చేతి నుంచి పళ్ళెం కదలనిదే సంబంధం ఖాయమైనట్టు కాదు. పెద్దాయనకు తమ్ముళ్ళు లేరు, ఇంకో చెల్లెలూ లేదు.

మా వదిన పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఆకులు, వక్కలు, పసుపుకొమ్ములు, పండ్లు, చీర. అన్న ముందు నిలబడింది. ఆయన చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"వీళ్ళకు చెప్పినావా అన్నా?"

పెద్దాయన నవ్వు ముఖం పెట్టాడు. "అంతా చెప్పినాలేమ్మా. ఇటియ్యి."

పిల్లవాడి తండ్రి పప్పుల వ్యాపారి, లెక్క తప్పని మనిషిలా కనిపించాడు. ఆయన ముందుకు వంగాడు. "మాకేం చెప్పినారన్నా?"

"ఏంల్యా. ఆడోళ్ళ మాటలు."

"బరువుగా ఉండాదన్నా పళ్ళెం. చెప్తే ఇస్తా" అంది మా వదిన.

పురోహితుడు ముహూర్తం దాటిపోతోందన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. సన్నాయి వాయించేవాళ్ళు కూడా ఆపేశారు. ఆ ముసలి చేతుల్లో బరువుకు పండ్లు ఒక పక్కకు జారాయి గానీ పళ్ళెం కిందికి దిగలేదు. నేను రెండో వరుసలో ఉన్నాను. వెళ్ళి పట్టుకుందామా అనుకున్నాను. నా జన్మలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే, అప్పుడు లేవకపోవడమే.

"చెప్పల్యా" అన్నాడు పెద్దాయన.

"ఎవరికి?"

"వీళ్ళకు చెప్పల్యా."

"ఇంకా?"

ఆయన చెల్లెలి ముఖం చూడలేదు. పళ్ళెంలోని వక్కలను చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు డాక్టరమ్మకు గూడా చెప్పల్యా."

ఇదేం కథన్నా, ఏ డాక్టరమ్మ అని పప్పుల వ్యాపారి అడుగుతుండగానే పెళ్ళికూతురు పీట మీద నుంచి లేచింది. తన గర్భసంచికి ఆపరేషన్ అయిందని, ఇరవైనాలుగు గంటల నొప్పి కాదని, పిల్లలు పుడతారని, అయితే నొప్పులు రాకముందే కోసి తీయాలని, పాఠం అప్పగించినట్టు చెప్పేసి మళ్ళీ కూర్చుంది.

వాళ్ళు మర్యాదస్తులు. తిట్టలేదు. పప్పుల వ్యాపారి కండువా సర్దుకుంటూ, "ముందే చెప్పింటే మేం కాదనేవాళ్ళం కాదేమో అన్నా" అన్నాడు. పెద్దాయనకు అంతకంటే పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేదు. వాళ్ళ బస్సు స్టార్టు అయిన చప్పుడు లోపలికి వినిపించింది.

ఆ పిల్ల మూడేళ్ళు మేనత్తతో మాట్లాడలేదు. ఎట్లా మాట్లాడుతుంది? తర్వాత నంద్యాలలో మాస్టరు పని చేసే అబ్బాయితో పెళ్ళయింది. చూపులనాడు కాఫీలు రాకముందే అంతా తనే చెప్పేసిందట. కాన్పుకు నొప్పులు రాకముందే ఆపరేషన్ చేశారు, ఆడపిల్ల పుట్టింది. ఆ పసిబిడ్డను ఎత్తుకుని మా వదిన దగ్గరికి వచ్చింది. మా వదిన పాపను ఒళ్ళో వేసుకుని అడిగిన మొదటి మాట, "డాక్టరమ్మకు ఎవరు చెప్పినారు?" నేనే చెప్పినా అత్తా అంది. "మళ్ళీ కాన్పుకు కూడా నువ్వే చెప్పు. మొగోళ్ళకు అప్పజెప్పొద్దు" అంది.

ఇప్పుడు చావు దగ్గర కూర్చున్న వాళ్ళు ఈ ముక్క పట్టుకున్నారు. మేనకోడలి ప్రాణం కాపాడడానికే ఆ పొద్దు అడిగిందట, అంతా దయట. ఆ మాటే పెద్దాయన ఫ్లెక్సీలోకి పోయి క్షమాగుణంగా మారింది. నేను ఆమెను అడిగాను కాబట్టి నాకు తెలుసు. ఆ పిల్ల కోసమేనా వదినా అన్నాను. నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "పిల్ల బతికింది, మంచిదే. నేను పోయింది దానికోసం కాదప్పా. వాని నోట్లోంచి ఆ మాట రావల్లని పోయినా. నా బిడ్డ కోసం పోయినా" అంది. పగ నుంచి ఒక ప్రాణం నిలబడితే ఆ ఘనత పగకే ఇవ్వాలి. దయకు రాసిచ్చే హక్కు మనకు లేదు.

మాట వచ్చాక మానుకుంటానన్నది, మానుకుంది. తర్వాత ఎన్నడూ అన్నను ఆ ప్రశ్న అడగలేదు. దాన్నే ఊరు క్షమించడం అనుకున్నట్టుంది. ఊరు ఆ రోజు మండపంలో భోజనాల దాకా ఆగి ఉంటే అట్లా అనుకునేది కాదు.

పెళ్ళివారు వెళ్ళిపోయాక మనవాళ్ళు కూడా ఒక్కొక్కరే చెప్పకుండా జారుకున్నారు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. రెండు వందల మందికి వండిన అన్నం, పప్పు, పూర్ణం పెట్టిన భక్ష్యాలు. మా వదిన పళ్ళెం కింద పెట్టి, చేతులు కడుక్కుని, ఖాళీ బల్లల మధ్య పోయి ఒక ఆకు ముందు కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. వడ్డించేవాళ్ళకు దగ్గరికి రావడానికి ధైర్యం చాలలేదు. చివరికి పెద్దాయనే వచ్చాడు. భక్ష్యాలు వేశాడు. నేతిగిన్నె తెచ్చుకున్నాడు. మా పక్క భక్ష్యాల మీద నెయ్యి పోసేటప్పుడు తినేవాళ్ళు చాలు అనే దాకా పోయడం మర్యాద. సన్నని ధారగా మొదలుపెట్టాడు. భక్ష్యం తడిసింది, మునిగింది, నెయ్యి ఆకంతా పరుచుకుంది. ఆయన చెల్లెలి నోటి వైపు చూస్తున్నాడు. ఆమె తుంచి నోట్లో పెట్టుకుంది, నమిలింది, ఇంకో ముక్క తుంచింది. నెయ్యి ఆకు అంచు దాటి బల్ల మీదికి, బల్ల మీద నుంచి ఆయన తెల్లపంచె మీదికి కారుతోంది. ఆయన పోస్తూనే ఉన్నాడు. మా వదిన తలెత్తకుండా తింటూనే ఉంది.